హిస్టారికల్ రొమాన్స్ నవలల్లో ఆ వింత పేర్లతో వేగడం ఎలా

బెజవాడ లెనిన్ సెంటర్‌లో పాత ఇంగ్లిష్ నవలలు తిరగేస్తుంటే అట్ట మీద పొడవాటి గౌను, పక్కన గుండీలు ఊడిన డ్యూకు (ఇంగ్లండు ప్రభువుల్లో అన్నిటికన్నా పెద్ద బిరుదున్నవాడు) కనిపిస్తాడు. వెనక్కి తిప్పితే హీరో పేరు రేవన్, హీరోయిన్ సెరఫీనా. ఆ పేర్లు చూసి మాత్రం పుస్తకం కింద పెట్టేయకండి.

మొదటి రెండు చాప్టర్లూ పెన్సిల్ పట్టుకుని చదవండి. ఒక్కో మనిషికీ పెట్టిన పేరు, ఇంటిపేరు, బిరుదు, మూడూ ఉంటాయి, ఎవరికి తోచింది వాళ్లు పిలుస్తుంటారు, అందుకే ఒకే మనిషి ముగ్గురిలా అనిపించి టెన్షన్ పెడతాడు. చల్లపల్లి రాజాగారు అంటే అందరికీ తెలుసు, యార్లగడ్డ వారంటే ఒక్క క్షణం ఆలోచిస్తాం కదా, అక్కడా అంతే. నెపోలియన్‌ని ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్ అసలు పేరు ఆర్థర్ వెల్లస్లీ. కాబట్టి ఒక చీటీ మీద ముగ్గురు నలుగురు ముఖ్యుల పేర్లు మూడేసి చొప్పున రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. పిలుపులు కూడా గమనించండి: డ్యూక్‌ని ‘యువర్ గ్రేస్’ అంటారు, ఆ కింది బిరుదులైన మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్‌లను ‘మై లార్డ్’ అంటారు. ఎర్ల్‌ని ‘యువర్ గ్రేస్’ అనిపించిన రచయిత్రిని నేనైతే మిగతా వివరాల్లోనూ నమ్మను.

ఈ కథలు చాలావరకు రీజెన్సీ కాలంవి, అంటే ఇంగ్లండులో రాజు బదులు ఆయన కొడుకు పాలించిన 1811 నుంచి 1820 దాకా. అప్పట్లో ఎటు చూసినా జాన్, విలియం, థామస్, మేరీ, ఆన్, ఎలిజబెత్‌లే. నిజంగా అవే వాడితే ఒక్క డాన్సు పార్టీలో నలుగురు జాన్‌లు తేలతారు, ఎవరు ఎవర్ని ప్రేమిస్తున్నారో మనకి అంతుపట్టదు, అందుకే ఈ వింత పేర్లు. విడ్డూరంగా ఉన్నవన్నీ కల్పితాలూ కావు. జేన్ ఆస్టెన్ 1813 నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో హీరో డార్సీకి పెట్టిన పేరు ఫిట్జ్‌విలియం, అది వాళ్లమ్మ పుట్టింటి ఇంటిపేరు. ఈకాలం పేరులా వినిపించే టిఫనీ కూడా ఇంగ్లండులో మధ్యయుగాల నాటిదే.

పేరు కన్నా పట్టించుకోవాల్సింది హీరోయిన్ ఏం పోగొట్టుకోబోతోందన్నది. 1882 చట్టం వచ్చేదాకా అక్కడ పెళ్లయిన ఆడదాని ఆస్తి చాలావరకు మొగుడి చేతిలోకే పోయేది. సెరఫీనా పెళ్లికి ఎందుకు జంకుతోందో రచయిత్రి ఈ లెక్కతో చెప్పగలిగితే ఆ పుస్తకం వదలొద్దు. మూడో చాప్టర్ అయ్యేసరికి కూడా మాటల్లో పస లేకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి.

కొనేటప్పుడు ఇంకోటి చూసుకోండి, ఇవి ఎక్కువగా అన్నదమ్ముల సిరీస్‌లు, ఒక్కో పుస్తకంలో ఒక్కొక్కరు హీరో. లోపలి పేజీలో వరుస ఉంటే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, సెకండ్ హ్యాండ్‌లో మొదటిది ముందే దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.