ఎస్టీఎం మీద మొదటిసారి కూర్చుంటున్నారా? ముందు సూది సంగతి చూడండి

బరంపురంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు (ఎస్టీఎం, సన్నటి సూదిని తలం మీదుగా నడిపి పరమాణువుల బొమ్మ తీసే యంత్రం) తీసుకున్న మన తెలుగు పిల్లలు ఏటా అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే ఇది.

సూది నమూనాను తాకదు. మధ్యలో నానోమీటరు లోపు ఖాళీ ఉంటుంది, కొద్దిగా వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ ఖాళీని దాటేస్తాయి. ఖాళీ 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదో వంతుకి పడిపోతుంది. 1981లో ఈ మైక్రోస్కోపును కనిపెట్టిన బిన్నిగ్, రోరర్ ప్రయోగంలో చూపించింది దీన్నే. అంటే సూది కొసన అందరికంటే ముందున్న ఒక్క పరమాణువే దాదాపు కరెంటంతా మోస్తుంది, అలాంటివి రెండుంటే బొమ్మ జంటగా పడుతుంది.

0.25 మిల్లీమీటర్ల ప్లాటినం-ఇరిడియం తీగను పట్టకారుతో పట్టుకుని, కటర్‌ని ఏటవాలుగా పెట్టి, కోస్తూనే లాగాలి. సగం కోత, సగం తెంపు. తర్వాత కొసను తుడవాలనిపిస్తుంది, తుడవకండి.

మొదటి నమూనాగా గ్రాఫైట్ తీసుకోండి. చెమ్మకు అంటుకున్న మన అప్పడాల కట్టలాంటిదే, సెల్లోటేపు అంటించి లాగితే పైపొర ఊడొచ్చి కొత్త తలం బయటపడుతుంది. 50 మిల్లీవోల్టులు, 1 నానో ఆంపియర్‌తో మొదలుపెట్టండి. బొమ్మలో చుక్కల మధ్య 0.246 నానోమీటర్లు రావాలి. ఒక్కో షడ్భుజిలోని ఆరు పరమాణువుల్లో మూడే మెరుస్తాయి, కంగారు పడకండి: సరిగ్గా కింది పొరలో ఇంకో పరమాణువున్నవి మసకగా ఉంటాయి. ఫ్యాను కట్టేయండి. కరెంటు లైను నుంచి వచ్చే 50 హెర్ట్జ్ చారలు పడితే ఎర్త్ చూసుకోండి. గూడ్సు బండి వెళ్తున్నప్పుడు స్కాన్ చెయ్యడం కంటే టీ తాగి రావడం మేలు.

అసలు పని ఇప్పుడు. ఒకచోట ఆగి, ఫీడ్‌బ్యాక్ (కరెంటు మారకుండా సూది ఎత్తును సర్దే ఏర్పాటు) ఆపి, వోల్టేజిని మైనస్ నుంచి ప్లస్‌కి, మళ్లీ వెనక్కి తిప్పుతూ కరెంటు నమోదు చెయ్యండి. ఆ గీత వాలు చెప్పేది ఆ శక్తి దగ్గర ఎలక్ట్రాన్లకు ఎన్ని స్థానాలున్నాయో. బంగారం మీద సున్నా చుట్టూ దాదాపు సరళరేఖ వస్తుంది. సూదిని పైకి లేపుతూ కూడా కొలవండి, కరెంటు లాగరిథం నేరుగా దిగకపోతే కొసన మురికి ఉందని అనుమానించాలి.

నాకోసారి బంగారం మీదే సున్నా దగ్గర చదునైన గ్యాప్ (కరెంటు దాదాపు లేని భాగం) కనిపించింది, ఏదో కనిపెట్టేశానని రాత్రంతా నిద్రలేదు, పొద్దున కొత్త సూది కోసి చూస్తే అది మాయం. ఒక్క గీత కాదు, ముప్పై తియ్యండి, వెళ్లే గీతా తిరిగొచ్చే గీతా కలుస్తున్నాయో చూడండి. ఆ ఆకారం రెండో సూదితో కూడా వస్తేనే సార్‌కి చూపించండి.