మిరప ఆకు ఎటు ముడిచిందో చూశాకే మందు కలపాలి

కుండీలో మిరప పెంచడం కష్టమైన పని కాదు. నాటిన నెలన్నరకు ఆకులు ముడుచుకున్నప్పుడు చేసే తొందరపాటు పనుల వల్లనే మొక్కలు పోతున్నాయి. శ్రీకాకుళంలో మా వీధిలో ఏ డాబా ఎక్కినా ఇదే కనిపిస్తుంది. ఆకు ముడిచింది కాబట్టి మొక్కకు బలం చాలలేదనుకుని గుప్పెడు యూరియా వేస్తారు, వారం తిరిగేసరికి మొక్క మరింత ముడుచుకుపోతుంది, అప్పుడు నన్ను పిలుస్తారు. అందువల్ల కుండీ, మట్టి సంగతులు త్వరగా ముగించి ముడత దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మొదట 12 అంగుళాల మట్టి కుండీ తీసుకుని అడుగు రంధ్రం మీద పెంకు ముక్క పెట్టాలి. ప్లాస్టిక్ తొట్టె వద్దు, ఎండకు వేడెక్కి వేళ్లను దెబ్బతీస్తుంది. రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు), ఒక పాలు ఇసుక, ఒక గుప్పెడు వేపపిండి కలపాలి. పచ్చి గత్తం వేస్తే వేళ్లు మాడతాయి. 40 రోజుల నారును సాయంత్రం పూట, కుండీకి ఒక్క మొక్క చొప్పున నాటాలి. నీరు ఉదయమే పోయాలి, అదీ వేలు గుచ్చి చూసి పైమట్టి ఆరిందని తేలిన తరువాతే.

పోషకాల లోపం సాధారణంగా ముందు ఆకు రంగులో కనిపిస్తుంది. అడుగున ఉన్న ముదురు ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని చాలడం లేదు. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపం, లీటరు నీటికి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి చల్లాలి. అదే లక్షణం లేత చిగుళ్లలో కనిపిస్తే ఇనుము లోపం. ఆకు పచ్చగానే ఉండి ఆకారం మారితే ఎరువు జోలికి పోకుండా పురుగును వెతకాలి. యూరియా వేస్తే మెత్తని లేత చిగుళ్లు వస్తాయి, రసం పీల్చే పురుగులకు కావలసినవి అవే.

ఇక అసలు పని. తెల్లవారి వెలుతురులో చిగురు దగ్గరి నాలుగైదు ఆకులను పట్టుకుని, అంచులు ఏ వైపు తిరిగాయో చూడాలి. అంచులు పైకి లేచి ఆకు పడవలా కనిపిస్తే అది పై ముడత, తామర పురుగుల పని. తెల్ల కాగితం మీద చిగురును తట్టితే గడ్డి రంగులోనో నల్లగానో సన్నని పురుగులు రాలి కదులుతాయి. అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా ఉండి, కాడ మామూలు కంటే పొడవుగా సాగితే అది కింది ముడత, తెల్లనల్లి పని. ఈ నల్లి మామూలు కంటికి కనిపించదు, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. ఏమీ కనిపించలేదు కాబట్టి పురుగు లేదనుకోవడమే చాలామంది చేసే తప్పు.

ఈ తేడా చూడకుండా దుకాణంలో ఇచ్చిన ఏదో పురుగుమందు కొట్టడం ప్రమాదకరం. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నల్లిని తినే మిత్ర పురుగులను చంపుతాయి, నల్లి మాత్రం మిగిలి రెట్టింపవుతుంది. కింది ముడతకు నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఆకు అడుగు తడిసేలా, ఎండ తగ్గాక చల్లాలి. వేపనూనె చల్లిన మొక్క మీద రెండు వారాల లోపల గంధకం చల్లరాదు, ఆకులు కాలిపోతాయి. ఈ ఒక్క జాగ్రత్త పాటించక నేను ఒకసారి ఆరు కుండీలు పోగొట్టుకున్నాను.

పై ముడతకు వేపగింజల కషాయం వాడాలి. 50 గ్రాముల పప్పును దంచి లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం గుడ్డతో వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి, సాయంత్రం చల్లి, వారానికి మళ్లీ చల్లాలి. సీసాలో అమ్మే వేపనూనె కంటే ఇదే మేలు. ఆ సీసా ఎన్నాళ్లుగా దుకాణంలో ఉందో మనకు తెలియదు, ఈ కషాయం మాత్రం రాత్రి నానబెట్టినదే. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలో దాగి ఉంటుంది కాబట్టి, పూత సమయంలో పూలను కూడా తట్టి చూడాలి, కుండీల మధ్య నీలిరంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీయాలి.

మూడవ రకం ముడత ఉంది. ఆకులు చిన్నవై, గరుకుగా గుత్తిలా ముడుచుకుని, ఈనెల మధ్య పసుపెక్కి, మొక్క ఎదుగుదల ఆగిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్, దీనికి మందు లేదు. కాయలు ఉన్నాయని జాలిపడి ఉంచితే దోమ ద్వారా పక్క కుండీలకు పాకుతుంది. అదే రోజు పీకి, సంచిలో కట్టి పారవేయాలి.

వాతావరణం విషయంలో మన జిల్లాకు రెండు గండాలు. ఏప్రిల్, మే ఎండలకు పూత రాలుతుంది. మట్టి మీద కొబ్బరి పీచు పరిచి, మధ్యాహ్నం నీడ కల్పించాలి తప్ప పూత మందులు కొట్టరాదు. రెండవది అక్టోబరు తుఫాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలనే కూల్చింది, డాబా అంచున ఉన్న కుండీలు ఒక లెక్క కాదు. హెచ్చరిక రాగానే కుండీలను దించి గోడ వారగా, ఒకదానికొకటి ఆనించి పెట్టాలి, కింద పళ్లేలు తీసివేయాలి. సముద్రపు గాలి తగిలిన ఆకులను మంచినీటితో కడగాలి. నీరు నిలిచిన కుండీలో, అది దిగిపోయాక, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొక్క మొదలు దగ్గర పోయాలి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయరాదు, ఆ చిగురు వచ్చిన నాటి నుంచి ప్రతి ఉదయం ఆకు అంచులు మళ్లీ చూస్తూ ఉండాలి.