గోదారి గట్టు ఇంటిని ఏటి వైపు తెరవడం ఎలా?

కోనసీమలో గౌతమి, వశిష్ఠ ఒడ్డున ఉన్న పాత పెంకుటిళ్లు చాలావరకు వీధికేసి చూస్తాయి. ముందు అరుగు, లోపల మండువా, వెనక వంటిల్లు, దాని వెనక దొడ్డి. గోదారి కనబడాలంటే దొడ్డి చివరిదాకా నడవాలి. ఆ వెనక గోడ తెరిచి, వసారా దింపి, ఇంట్లో కూర్చునే ఏరు చూడాలనుకుంటే పని ఈ వరసలో చేయండి.

ముందు వరద గీత

ఇటుక కదిపే ముందు ఊళ్లో పెద్దవాళ్లను అడగండి: 1986 ఆగస్టులో నీళ్లు ఎందాకా వచ్చాయి, 2022 జులైలో ఎందాకా? మా దొడ్డి గుమ్మం ద్వారబంధానికి తాతయ్య కొట్టిన మేకు ఒకటుంది. తలుపు గొళ్లెం కంటే జానెడు కింద, తుప్పు పట్టి, చుట్టూ చెక్క నల్లబడి ఉంటుంది. 86లో నీళ్లు అక్కడిదాకా వచ్చాయి. రంగులు వేయించినప్పుడల్లా ఆ మేకు జోలికి పోవద్దని చెబుతాం. మీ గీత ఎక్కడో తెలిశాక, స్విచ్‌బోర్డులన్నీ దానికి కనీసం అడుగు పైన పెట్టించి, వైరింగ్ పైనుంచి దింపించండి.

ఇల్లు ఏటిగట్టుకు నది వైపు ఉంటే కొత్తగా ఏదైనా కట్టే ముందు పంచాయతీలో, ఇరిగేషన్ ఆఫీసులో అడగాలి. మెట్ల కోసమని గట్టును మాత్రం తవ్వకండి. ఊరికంతటికీ అదే కాపు.

గోడ తెరవడం

పాత ఇళ్లలో దూలాలు గోడల మీదే ఆనతాయి. అందుకే ముందు ఇంజినీరుకు చూపించండి. దూలాల కింద జాకీలు పెట్టి, పైన బీము పోసి, అది బాగా గట్టిపడ్డాకే కింద ఇటుక తీయాలి. గోడంతా తీసేయడం కంటే వరసగా మూడు గుమ్మాలు పెట్టడం నాకు నచ్చుతుంది. ఖర్చు తగ్గుతుంది, ఇంటి పోలికా పోదు.

వసారా

వెడల్పు 8 అడుగులు ఉండాలి. అంతకన్నా తగ్గితే పడక్కుర్చీ వేశాక మనిషి నడవడానికి దారి ఉండదు. చూరు 3 అడుగులు బయటికి రానివ్వండి, జల్లు లోపలికి అంతగా కొట్టదు. వసారా నేల ఇంటి నేల కంటే అంగుళంన్నర కిందికి ఉండాలి. బయటికి వాటం 10 అడుగులకు రెండు అంగుళాలు ఉండాలి. లోపలా బయటా ఒకటే తాండూరు రాయి పరిపించండి: లోపల పాలిష్, బయట గరుకు. అప్పుడు గుమ్మం దగ్గర చూపు ఆగదు, వానలో కాలూ జారదు.

తలుపులు

మడత తలుపులైతే బరువు పైనుంచి వేలాడేలా చేయించండి. కింద పట్టాలుంటే ఇసుక చేరి బిగుసుకుపోతాయి. వానాకాలంలో టేకు కూడా కాస్త ఉబ్బుతుంది, ఆ సందు వదలమని వడ్రంగికి చెప్పండి. దోమల జాలీ తలుపు లేకపోతే, పొద్దుగూకేసరికి ఇంత కష్టపడి తెరిచినదంతా మూసుకోవాల్సి వస్తుంది.

దొడ్డి

సిమెంటు చేయించకండి, నీళ్లు ఇంకాలి. ఒడ్డు వైపు వట్టివేరు నాటితే మట్టిని పట్టి ఉంచుతుంది. వసారా చివర ఒక కుళాయి పెట్టించండి. వరద తీసేటప్పుడు ఆ నీళ్లతోపాటే ఒండ్రును చీపురుతో నెట్టేయాలి. ఎండిందంటే పారతో గీకాల్సిందే.