ఆరోగ్య సమానత్వం కోసం ప్రజారోగ్య రంగంలో ఎలా పనిచేయాలి?

ముందుగా చదువు సంగతి. ఈ రంగంలో పనిచేయడానికి ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ముంబయిలోని టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) వంటి సంస్థలు రెండేళ్ల ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) కోర్సు నడుపుతున్నాయి. చేరే ముందు సంస్థ పేరు కన్నా, ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో తేల్చే శాస్త్రం) ఎంత లోతుగా నేర్పుతారో, ఊళ్లలో ఎన్ని వారాలు పని చేయిస్తారో కనుక్కోండి.

పట్టా చేతికి రాగానే జిల్లా కార్యాలయంలో కుర్చీ వెతుక్కోకుండా, కొంతకాలం ఏఎన్ఎం (ఉపకేంద్రంలోని నర్సు), ఊళ్లోని ఆశా కార్యకర్తల వెంట తిరగండి. జాతీయ ఆరోగ్య మిషన్‌లో చాలా కొలువులు కాంట్రాక్టువే కనుక జీతంపై పెద్ద ఆశలు పెట్టుకోకపోవడం మంచిది. గిరిజన ప్రాంతాల్లో పనిచేసేటట్టయితే, ఉట్నూరు వైపు గోండి, చింతూరు వైపు కోయ భాష కొంతైనా నేర్చుకోండి. తెలుగులో అడిగితే తలూపి ఊరుకునే తల్లి, తన భాషలో అడిగితే మొదటి సూదికి బిడ్డకు జ్వరం వచ్చిందని, అందుకే రెండోదానికి రాలేదని చెబుతుంది.

అసలు పని టీకాల రిజిస్టరు దగ్గర మొదలవుతుంది. ఒక ఆరోగ్య ఉపకేంద్రం పరిధిలో 100 మంది పిల్లలుంటే 90 మందికి టీకాలు పూర్తయ్యాయనుకుందాం. సమీక్షా సమావేశంలో ఆ అంకెకు మెప్పు దక్కుతుంది. మిగిలిన 10 మంది పేర్లను గూడేల వారీగా రాసి చూడండి; అందరూ వాగు అవతలి రెండు గూడేల పిల్లలే అయితే, అక్కడికి సేవ దాదాపు చేరడం లేదన్నమాట. సగటు మాటున దాగిన ఈ తేడాను పట్టుకోలేనివారు ఎన్ని పదోన్నతులు పొందినా సమానత్వానికి చేసే మేలు తక్కువేనని నా అభిప్రాయం. మైదానంలో 5,000 జనాభాకు, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నిబంధన. జనాభా లెక్కకు వాగు కనిపించదు.

తర్వాత కారణం అడగండి, అదీ తల్లులనే. కారణం గడిలో ‘నిర్లక్ష్యం’ అని రాసేయడం తేలికే గానీ, టీకాల రోజున వాళ్లు పోడులో ఉండి ఉండవచ్చు. వారపు సంతకు ఎలాగూ దిగివస్తారు కనుక అక్కడే టీకాలు వేయించవచ్చు. వానాకాలంలో కాన్పు ఉన్న గర్భిణిని డోలీలో మోసుకురావలసిన స్థితి రాకముందే, ఆస్పత్రికి దగ్గరలోని గర్భిణుల వసతి గృహానికి చేర్చవచ్చు.

వాహనం, కాలిబాట వంతెన వంటివి మీ చేతిలో ఉండవు. వాటికోసం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి ఒక్క పేజీ నివేదిక ఇవ్వండి: గూడెం పేరు, దూరం, టీకాలు అందని పిల్లల సంఖ్య, కావలసినది, దాని ఖర్చు. మూడు నెలలయ్యాక మండల శాతాన్ని పక్కనపెట్టి, ఆ రెండు గూడేల పేజీలనే తెరిచి, 10 మందిలో ఎందరికి టీకాలు పూర్తయ్యాయో లెక్కించండి.