జనం లేని బీచ్‌లో దిగేముందు

రిసార్ట్ ఊరి సందడి వదిలి పక్కనే ఉన్న ప్రశాంతమైన బీచ్‌కి వెళ్లడం మంచి ఆలోచనే. కానీ అలాంటి చోట చాలావరకు లైఫ్‌గార్డులు ఉండరు, హెచ్చరిక జెండాలూ ఉండవు. అందుకే నీళ్లలో దిగేముందు కాసేపు ఒడ్డున నిలబడి అలల్ని గమనించండి. తెల్లగా విరిగే అలల మధ్య ఒకచోట మాత్రం నీరు నునుపుగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అటు పోకండి. పిల్లల్ని దించడానికి అదే బాగుందనిపిస్తుంది, కానీ ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి పోయే దారి అదే కావచ్చు. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది మనిషిని అడుక్కి లాగదు, ఒడ్డుకు దూరంగా సముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి పిలవండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

రాళ్ల అంచున నడిచి చేరే బీచ్ అయితే ఆటుపోట్ల వేళలు తప్పక కనుక్కోండి. చాలా తీరాల్లో ఆటు నుంచి పోటుకి సుమారు 6 గంటలే, ఈలోపు దారి మునిగిపోవచ్చు. కొబ్బరిచెట్ల కింద మాత్రం పడుకోకండి. తిరుగు బండి ముందే మాట్లాడుకోండి.