నీవాపై వంతెనలు లేచే రాత్రి: ఏ గట్టున ఉండాలో ముందే తేల్చుకోండి

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నీవా నది గడ్డకట్టని కాలమంతా, అంటే దాదాపు ఏప్రిల్ నుంచి నవంబరు దాకా, సముద్రానికీ లదోగా సరస్సుకూ మధ్య తిరిగే సరుకు ఓడలకు దారి ఇవ్వడానికి అర్ధరాత్రి దాటాక నగరంలోని వంతెనలను ఎత్తుతారు. 1916లో ప్రారంభమైన ప్యాలెస్ వంతెన వాటిలో అందరూ చూడదగ్గది. అది శీతాకాల రాజభవనం ఉన్న గట్టును, జనం కాపురాలుండే వసిల్యేవ్‌స్కీ దీవితో కలుపుతుంది. వంతెన దించేదాకా దాని మీద అవతలి గట్టుకు దాటలేరు కనుక, చూడబోయేవారు ముందుగా తేల్చుకోవలసింది ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నదే.

బస దీవిలో ఉంటే దీవి కొసన ఉన్న స్త్రేల్కా దగ్గరే నిలబడడం మేలు. వంతెన లేచాక హాయిగా నడిచి ఇల్లు చేరవచ్చు. బస రాజభవనం వైపు ఉన్నవారు మాత్రం అడ్మిరల్టీ గట్టుకు వెళ్లాలి. వంతెనకు దిగువన ఉన్న ఆ గట్టు నుంచి చూస్తే, లేచిన రెండు రెక్కల మధ్య పీటర్-పాల్ కోట చర్చి శిఖరం సరిగ్గా కనిపిస్తుంది. నా మటుకు ఇంతకంటే మంచి చోటు లేదు.

వంతెన లేచే వేళ సాధారణంగా ఒంటిగంట దాటాక ఉంటుంది. అయితే వేళలు మారుతుంటాయి కనుక, వంతెనలను నిర్వహించే మోస్తోత్రెస్త్ సంస్థ ప్రకటించే పట్టికను అదే రోజు చూసుకోవాలి. జూన్‌లో తెల్లని రాత్రుల కోసం, అంటే పూర్తిగా చీకటి పడని రాత్రుల కోసం, వచ్చే జనం ఎక్కువ కాబట్టి గంట ముందే చేరి, గట్టు అంచున చోటు చూసుకోండి. నది మీది గాలికి వేసవిలోనూ స్వెటర్ కావాలి. ముందు వాహనాలను ఆపి, నడిచేవారిని పంపేశాక, రోడ్డు నడిమి చీలిక మెల్లగా విడుతుంది. తారు మీది తెల్లగీతలు, దీపస్తంభాలు రోడ్డుతోపాటే ఒరిగి ఆకాశంలోకి లేస్తాయి.

అవతలి గట్టున చిక్కుకుంటే కంగారు పడనక్కర్లేదు. నది కింది నుంచి వెళ్లే మెట్రో అర్ధరాత్రికి ఆగిపోతుంది కానీ, కొన్ని వేసవుల్లో వారాంతపు రాత్రులు రాజభవనం వైపున్న అడ్మిరల్తేయ్‌స్కయా, దీవి మీదికి దారి ఉన్న స్పోర్తీవ్నయా స్టేషన్ల మధ్య రైలు నడిపారు. ఈసారి ఉందో లేదో ముందే అడగండి. లేకుంటే, ఎత్తే పనిలేని పడమటి టోల్ హైవే మీదుగా టాక్సీ దీవికి చేరుస్తుంది. చుట్టుదారి కనుక ఖర్చు ఎక్కువే, పైగా ఆ రోడ్డు మీద నడిచేవారిని రానివ్వరు. దీవికి ఉత్తరాన పెత్రోగ్రాద్ వైపు అని పిలిచే నగర భాగంలో ఉన్నవారికి ఈ చిక్కు లేదు: 2018లో తెరిచిన బెతాంకుర్ వంతెన ఎప్పుడూ లేవదు, దాని మీద కాలినడకన కూడా దీవికి వెళ్లవచ్చు.