గుంపు నడక – నాలుగో పాఠం: కనబడ్డ పిట్టను పక్కవాళ్లకు చూపించడం

పోయిన పాఠంలో బైనాక్యులర్‌ను ఎవరి కళ్లకు వాళ్లు సరిచేసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి దాన్ని మెడలో వేసుకుని వరంగల్ జిల్లా పాకాల చెరువు కట్ట మీదికి గుంపుగా వెళ్తున్నాం. నర్సంపేట మీదుగా వెళ్లే గుంపుల్లో కట్ట ఎక్కగానే వినబడే మాటలు ఇట్లా ఉంటాయి:

"అన్నా, అగో!"
"ఏడనే?"
"గా చెట్టు మీద."
"ఏ చెట్టు?"
"గా ఎండిపోయిన చెట్టు లేదా..."
"గాడ అన్నీ ఎండినయే ఉన్నయ్ గదనే!"

ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది. చూసినాయనకు సంబరం, మిగతావాళ్లకు మెడనొప్పి. ఇట్లా నాలుగుసార్లు అయితే వెనకున్నవాళ్లు ఫోన్లు తీస్తారు, నడక అక్కడికి ముగిసినట్టే.

ముందు చోటు సంగతి రెండు మాటల్లో చెప్తాను. పాకాలను 1213లో కాకతీయ గణపతిదేవుడి కాలంలో రెండు గుట్టల మధ్య కట్ట పోసి కట్టారు. నీళ్లు దాదాపు 30 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటాయి. గుట్టలు నీళ్లలోకి చొచ్చుకొచ్చిన చోట నిలబడితే సముద్రపు ఒడ్డులాగే ఉంటుంది. చుట్టూ అభయారణ్యం కాబట్టి చెరువంతా చుట్టి వద్దామని ఉబలాటపడకండి. అటవీశాఖవాళ్లు ఎంతవరకు వెళ్లమంటే అంతవరకే. పొద్దున పూట సూర్యుడు వీపు వెనక ఉండేట్టు నిలబడండి. ఎదురెండలో ఏ పిట్టైనా నల్లగానే కనిపిస్తుంది.

ఇక అసలు పని. చాలామంది పిట్ట పేరుతో మొదలుపెడతారు. పేరు చివర చెప్పాలి. మొదట ఎంత దూరమో చెప్పండి: ఇవతలి ఒడ్డా, నడి నీళ్లా, అవతలి ఒడ్డా. తర్వాత అందరికీ ఒకేసారి కనబడే పెద్ద గుర్తు ఒకటి పట్టుకోండి. అక్కడి నుంచి చిన్న గుర్తుకు దించండి. ఆ చిన్న గుర్తును గడియారం మధ్య అనుకుని, పిట్ట ఎన్ని గంటల వైపు ఉందో చెప్పండి. పైన పన్నెండు, కుడివైపు మూడు. ఉదాహరణకు:

"అవతలి ఒడ్డు. రెండు గుట్టలు కలిసే చోటు. తిన్నగా కిందికి, నీళ్లదాకా రండి. ఒంటరి మోడు ఉంది. దానికి మూడు గంటల వైపు, ఒక పిడికిలి దూరం. నీటికాకి."

పిడికిలి ఊరికే అనలేదు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే అది చూపులో సుమారు 10 డిగ్రీలు కప్పుతుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే మామూలు బైనాక్యులర్‌లో కనబడే వెడల్పు 7, 8 డిగ్రీలు. అంటే ఒక పిడికిలి జరగమంటే, బైనాక్యులర్‌లో ఇప్పుడు కనబడే దృశ్యమంతా పక్కకు పోయి ఇంకాస్త జరగాలన్నమాట. పిల్లల పిడికిలి చిన్నదే, కానీ చెయ్యి కూడా పొట్టిదే కాబట్టి వాళ్లకూ లెక్క దాదాపు సరిపోతుంది.

కదిలేవాటిని గుర్తుగా పెట్టకండి. "ఆ బర్రె పక్కన" అని చెప్పే లోపల బర్రె మునుగుతుంది. చెయ్యి గబుక్కున చాచి చూపించడం కూడా మానండి. మాటకంటే చేతి ఊపుకే పిట్టలు ముందు బెదురుతాయి.

నేర్చుకోవడానికి నీటికాకి, పాముమెడ పిట్ట రెండూ మంచివి. వేట అయ్యాక రెండూ రెక్కలు బార్లా చాపి ఆరబెట్టుకుంటూ చాలాసేపు కూర్చుంటాయి. పాముమెడది సూటి ముక్కు, దాంతో చేపను పొడుస్తుంది. నీటికాకి ముక్కు కొన కొక్కెంలా వంగి ఉంటుంది, పట్టుకుంటుంది. నీళ్లలో ఒళ్లు మునిగి మెడ ఒక్కటే పాములా తేలుతుంటే అది పాముమెడే. మునిగే పిట్టను చూపించాల్సి వస్తే అది ఉన్న చోటు చెప్పకండి, పోతున్న దిక్కు చెప్పండి: "ఎడమకు పోతోంది, తాటిచెట్టు కింద చూపు పెట్టి ఆగండి." లకుముకి పిట్ట జోలికి మొదటి రోజే పోవద్దు, మీ ఓపిక అయిపోతుంది.

ఈ వరస అంతా పక్కన పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. పాకాలలో మొసళ్లున్నాయి. చలికాలం పొద్దున ఒడ్డుకు వచ్చి ఎండ కాగుతాయి. నోరు తెరుచుకుని పడుకుంటే అది బెదిరింపు కాదు, ఒంటి వేడి సర్దుకోవడం. అయినా దగ్గర్లో కనబడితే మొదటి మాట "ఆగండి", చోటు తర్వాత. సద్ది తిన్నాక చేతులు కడగడానికి ఎవరూ నీటి అంచుకు దిగొద్దు, బాటిల్ నీళ్లతోనే కానివ్వండి. మీ గుంపులో వద్దన్నా దిగే బావ ఒకడు ఉండనే ఉంటాడు. ఆయన్ని వరసలో మధ్యన నడిపించండి.

ఎండాకాలం మొదట్లో వెళ్తే తీతువు తల మీద తిరుగుతూ అరుస్తుందేమో చూసుకోండి. గుడ్లు నేల మీదే, రాళ్ల రంగులో ఉంటాయి. గూడు ఎక్కడుందో వెతక్కుండా వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి.

ఈ వారం సాధన హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద చేయొచ్చు. బైనాక్యులర్ అక్కర్లేదు. ఇద్దరు వెళ్లండి. ఒకరు కదలకుండా కూర్చున్న పిట్టను ఎంచుకుని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మాటతోనే రెండోవాళ్ల చూపును అక్కడికి తీసుకెళ్లాలి. "ఏ చెట్టు?" అన్న ప్రశ్న వచ్చిందంటే గుర్తు సరిగా ఎంచుకోలేదన్నట్టు, మళ్లీ పెద్ద గుర్తు నుంచి మొదలుపెట్టండి. ప్రశ్న రాకుండా వరసగా మూడు పిట్టలు చూపించగలిగితే చోట్లు మార్చుకోండి. గుర్తులేవీ లేని ఆకాశంలో తిరిగే గద్దను చూపించడం ఐదో పాఠంలో.